ఉన్నిబంతి ఆడిన ఊళ్లు

బాడ్మింటన్ అనగానే దేశమంతయు నేడు హైదరాబాదునకు పడమటనున్న గచ్చిబౌలి వైపు చూచును. అచ్చటి ఇండోర్ స్టేడియములో 2009 ఆగస్టులో ప్రపంచ బాడ్మింటన్ పోటీలు జరిగెను. ఆ చేరువనే పుల్లెల గోపీచందు 2008లో ప్రారంభించిన శిక్షణశాల కలదు. ఆయన వద్ద తర్ఫీదు పొందిన సైనా నెహ్వాల్ 2012లో లండను ఒలింపిక్సునుండి కంచు పతకమును, పి.వి. సింధు 2016లో రియోనుండి వెండి పతకమును తెచ్చిరి. పిల్లలు వీరి పేర్లు చెప్పుకొని రాకెట్టు పట్టుచున్నారు. ఇదంతయు సంతోషింపదగినదే.

ఆ శాలలలో ఆటకు మొదటి శత్రువు గాలి. ఈకలతో చేసిన షటిల్ బరువు సుమారు అయిదు గ్రాములు మాత్రమే. కిటికీనుండి సన్నని గాలి వీచినను అది దారి తప్పును. అందుచేత ఆ ఆటకు ఎత్తైన కప్పు కావలెను, నాలుగు గోడలు కావలెను, కొయ్యనేల కావలెను, పగలును వెలుగు దీపములు కావలెను. ఇన్ని హంగులు అమర్చగల ఊరు ఆ ఆటను ఆడును. అమర్చలేని ఊరు చూచి ఆనందించును.

ఈ ఆటకు ఆరుబయట పెరిగిన ఒక తోబుట్టువు కలదు. దానికి గాలి యన్న భయము లేదు, కప్పుతో పని లేదు. ఈకలకు బదులు పసుపుపచ్చని ఉన్నిబంతి. కొయ్యనేలకు బదులు కల్లాపి చల్లిన మట్టినేల. దాని పేరు బాల్ బాడ్మింటన్. హైటెక్ సిటీ అద్దాలమేడలలో పనిచేయు యువతీయువకులలో ఎందరో చిన్నపట్టణములనుండి వచ్చినవారే. ‘మీ ఊరి హైస్కూలు మైదానములో సాయంకాలము ఏ ఆట ఆడెడివారు?’ అని వారు తమ తాతలను అడిగి చూడవచ్చును. చెడుగుడు, వాలీబాలు అను పేర్లతోపాటు ఈ పేరును వినవచ్చును. ‘బాల్ బాడ్మింటన్’ అని పూర్తిగా పలుకు ఓపిక లేక నాటివారు చాలమంది దీనినే ‘బాడ్మింటన్’ అనుచుండిరి. రెండవది యొకటి కలదని గుర్తుచేయవలసి వచ్చినప్పుడు దానిని ‘షటిల్’ అనుచుండిరి. నేడు ఆ వాడుక తిరుగబడినది. పేరును పోగొట్టుకొనిన ఆట చోటునుకూడ పోగొట్టుకొనుట లోకములో వింత కాదు.

దీని పుట్టినిల్లు తంజావూరు. ఆ ఊరి పేరు వినగానే తెలుగు పాఠము చెప్పువారికి రఘునాథనాయకుడును, విజయరాఘవుడును, యక్షగానములును స్ఫురించును. కావేరీతీరమున తెలుగు కవిత్వమును పోషించిన ఆ నాయకరాజుల పిమ్మట మరాఠా ప్రభువులు వచ్చిరి; వారును తెలుగును ఆదరించిరి. ఆ వంశపు చివరి రాజు శివాజీ 1855లో మరణింపగా రాజ్యము ఇంగ్లీషువారి వశమయ్యెను. ఇంచుమించు ఆ కాలముననే, అనగా 19వ శతాబ్ది నడిమి భాగమున, తంజావూరులో ఉన్నిబంతితో ఆడు ఈ ఆట కనిపించుచున్నది. రాజకుటుంబమువారు దీనియందు మక్కువ చూపిరని చెప్పుదురు. రాజ్యము పోయిన ఇంట ఆట మిగిలినదన్నమాట.

అప్పటి ఇంగ్లీషు దొరలకు ఈకలబంతి, ఉన్నిబంతి అను భేదము అంతగా లేకుండెను. గాలి లేని నాడు ఈకలది, గాలి వీచిన నాడును నేల చెమ్మగిల్లిన నాడును ఉన్నిది. ఈ విధముగా రెంటిని మార్చి మార్చి ఆడుచుండిరి. 1873 ప్రాంతమున పూనాలో ఈకలబంతి ఆటకు నిబంధనలు ఏర్పడెను. ఆ ఆట ఓడ యెక్కి ఇంగ్లండు చేరి, అచ్చటి క్లబ్బుల కప్పుల క్రింద స్థిరపడి, 1899నుండి ఆల్ ఇంగ్లండు పోటీలు నడపుకొనెను. ఆ పోటీలలోనే 1980లో ప్రకాశ్ పడుకోనె, 2001లో గోపీచందు విజేతలైరి. ఉన్నిబంతి ఓడ యెక్కలేదు. అది దక్షిణదేశముననే యుండి, రైలుదారుల వెంబడి ఊరూరికి నడిచినది. అప్పటి చెన్నరాజధానిలో భాగమైన ఆంధ్రజిల్లాలకు అది సహజముగనే వచ్చెను. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట 1954లో ఈ ఆటకు అఖిలభారత సమాఖ్య ఏర్పడినది.

ఆట తీరును కొంత వివరించుట అవసరము. ఏలయనగా నేటి విద్యార్థులలో దీనిని కంట చూచినవారు తక్కువ. కోర్టు పొడవు 24 మీటర్లు, వెడల్పు 12 మీటర్లు. నడుమ ఆరడుగుల ఎత్తున వల. వలకు ఇరువైపుల మీటరు దూరమున ఒక్కొక్క గీత. ఒక్కొక్క పక్షమున అయిదుగురు ఆటగాండ్రు: ముందు ఇద్దరు, వెనుక ఇద్దరు, నడుమ ఒకడు. బంతి పసుపు ఉన్నితో చుట్టినది; వ్యాసము అయిదు సెంటీమీటర్లకు కొంచెము ఎక్కువ, బరువు ముప్పది గ్రాములకు మించదు. షటిల్ బరువునకు ఇది అయిదారు రెట్లు. గాలికి లొంగకపోవుటకు కారణము ఇదియే. కాని బరువు పెరిగినను బంతి మెత్తనిది, దెబ్బ తగిలినను గాయము కాదు. పదునైదేండ్ల బాలుడును ఏబదియేండ్ల ఉపాధ్యాయుడును ఒకే పక్షమున నిలిచి ఆడుటకు ఈ మెత్తదనము ఎంతో తోడ్పడినది.

సర్వీసు నడుమునకు దిగువనుండియే చేయవలెను, పైనుండి కొట్టరాదు. ఆ బంతి వలను మాత్రమే కాక అవతలి గీతనుకూడ దాటి ఎదుటి మూలగడిలో పడవలెను. బంతి నేల తాకకముందే తిరిగి కొట్టవలెను. ఒకే ఆటగాడు వెంటవెంట రెండుమారులు కొట్టరాదు. అన్నింటికన్న విచిత్రమైన నిబంధన మరియొకటి కలదు: బంతిని కొట్టునపుడు రెండు పాదములును ఒక్కసారి నేలను విడువరాదు. షటిల్ ఆటలో ఎగిరి కొట్టు దెబ్బకు చప్పట్లు మ్రోగును. ఇచ్చట అది తప్పు. ఎగురుటకు వీలులేనపుడు చూపు, మణికట్టు, నిలుకడ అను మూటిమీదనే ఆధారపడవలెను. ఆటకు పూర్వము 29 పాయింట్లు, తరువాత 35 పాయింట్లు. మూడాటలలో రెండు గెలిచినవారిది గెలుపు.

అయిదుగురి పని అయిదు విధములు. ముందువరుసవారు వలకడ దొంగబంతులను కాచుకొందురు. వెనుకవారు దీర్ఘముగా కొట్టి ఎదుటివారిని వెనుకకు నెట్టుదురు. నడుమనున్నవాడు సర్వాధికారి, అందరి లోపములను పూడ్చువాడు అతడే. ఉన్నిబంతిని రాకెట్టుతో ఏటవాలుగా కోసికొట్టినచో అది సుడి తిరుగుచు పోయి, ఎదుటివాని రాకెట్టుకు తగిలి ప్రక్కకు జారిపోవును. దీనిని ‘కట్’ అందురు. కట్ చేయనేర్చినవానికి ఊరిలో గల గౌరవము హరికథ చెప్పువానికి గల గౌరవమునకు తీసిపోదు. కొత్తబంతికి నూగు ఎక్కువ, సుడి ఎక్కువ. ఆడిన కొలది నూగు రాలి బంతి నున్నబడి వడి హెచ్చును. మంచు కురిసిన ఉదయమున ఉన్ని తడిసి బరువెక్కును. ఈ మార్పులన్నిటిని కనిపెట్టి ఆడుట అనుభవము పని. అందుచేతనే కుర్రవాని కాలిచురుకును పెద్దవాని నేర్పు చాలసార్లు ఓడించెడిది.

ఈ ఆట చిన్నపట్టణములకు ఎందుకు అచ్చివచ్చినదో ఆలోచించినచో అంతయు లెక్కలోనే తేలును. క్రికెట్టుకు ఇరువదిద్దరు కావలెను, దినమంతయు కావలెను, తోలుబంతి, పాడ్లు, గ్లోవులు కావలెను. ఫుట్‌బాలుకు పెద్ద మైదానము కావలెను. టెన్నిసు క్లబ్బు కలెక్టరు ఉన్న ఊరికే శోభించును. బాల్ బాడ్మింటన్‌కు పదిమంది, ఒక వల, రెండు గుంజలు, కొంత సున్నము చాలును. సాయంకాలము అయిదు గంటలకు మొదలిడినచో దీపము పెట్టు వేళకు ముగించి ఇల్లు చేరవచ్చును. రాకెట్టులే కొంత ఖరీదైనవి. కొయ్యచట్రము వానకాలపు చెమ్మకు వంగిపోవును గనుక నాలుగుమూలల మరలు గల కొయ్యబిగింపులో పెట్టి గోడకు తగిలించుచుండిరి. తాలూకా కచేరి గుమాస్తా ఇంట గోడకు దేవుని పటము, గడియారము, ఈ బిగింపు ఒకే వరుసలో ఉండుట ఆ కాలపు అలంకారము.

ఆడువారెవరు? హైస్కూలు ఉపాధ్యాయులు, ప్లీడర్లు, బ్యాంకు ఉద్యోగులు, సబ్‌రిజిస్ట్రారు కచేరి గుమాస్తాలు, మందుల దుకాణపు యజమాని, రైల్వే ఉద్యోగులు, సెలవులకు వచ్చిన కళాశాల విద్యార్థులు. వీరిలో ఒక్కరికిని ఆటవలన కాసు రాదు. పైపెచ్చు చందా చెల్లింపవలెను. ఆటను నిలబెట్టినది మాత్రము హైస్కూలు డ్రిల్లు మాస్టరు. కోర్టును చదును చేయించుట, కల్లాపి చల్లించుట, సున్నపు గీతలు దిద్దించుట, వలకు పడిన చిల్లులు పురికొసతో కుట్టుట, బంతుల లెక్క వ్రాయుట అతని పనులు. పాఠశాలల చరిత్రలలో ప్రధానోపాధ్యాయుల పేర్లు పాలరాతిమీద చెక్కుదురు. డ్రిల్లు మాస్టరు పేరు పూర్వవిద్యార్థుల నోట మాత్రమే ఉండును. ఆ విద్యార్థులు పోయిన పిమ్మట అదియు ఉండదు.

పండుగ సెలవులలో పోటీలు జరుగును. పొరుగూరి జట్లు బస్సు దిగి వచ్చి హైస్కూలు తరగతిగదులలో బెంచీలు ఒక మూలకు జరిపి బసచేయును. భోజనము ఒకనాడు ఒక పెద్దమనిషి ఇంట, మరునాడు మరియొకరి ఇంట. కప్పు ఎవరో ఒక కీర్తిశేషుని పేర కుటుంబమువారు ఇచ్చినది. అంపైరు ఎత్తుకుర్చీమీద కూర్చుండును. ఊరిలో తగవులు తీర్చగల ధైర్యమున్నవానినే అందుకు ఎన్నుకొందురు. బంతి గీతమీద పడినదా, బయట పడినదా అను ప్రశ్నమీద రెండూళ్లకు మాటలు లేకపోయిన సందర్భములు లేకపోలేదు. గెలిచిన జట్టు కప్పును పట్టుకొని తన ఊరి బస్సుస్టాండులో దిగినపుడు ఎదురువచ్చిన జనము, శాసనసభ్యుడు వచ్చినపుడు వచ్చు జనమునకు తక్కువ కాదని ఆ కాలపువారు కొంత గర్వముతోనే చెప్పుకొందురు.

ఈ ఆటను తలచునపుడు పాతకాలపు తీపికి పూర్తిగా లొంగిపోవుటయు న్యాయము కాదు. కోర్టు అందరిది కాదు. ఇంగ్లీషు చదువు, ఉద్యోగము, తెల్లని నిక్కరు ఉన్నవారిదే అది. కూలినాలి చేసుకొనువారి బిడ్డలు గీత వెలుపల నిలిచి, దూరముగా పోయిన బంతులను ఏరి తెచ్చి ఇచ్చువారే గాని ఆడువారు కారు. అట్టి పిల్లలలో ఎవడైన ఒకడు, నలుగురు రాక ఆట కుంటుపడిన నాడు, అయిదవవానిగా లోపలికి పిలువబడి రాకెట్టు పట్టుటయు గలదు. వాని చేతివాటము నచ్చినచో మరునాడును పిలుతురు. ఆ గీత దాటుట ఆ పిల్లవానికి ఎంత దూరమో గీత లోపలివారికి తెలియదు. ఆడపిల్లలకు ఆ పాటి అవకాశమును లేకుండెను.

కోర్టు లేనివారి ఆట బిళ్లంగోడు. తీరజిల్లాలలో ఆ పేరు; తెలంగాణములో చిర్రగోనె. చిన్న కర్రముక్కను పెద్దకర్రతో లేపి, గాలిలో ఉండగా కొట్టి, దూరము కొలుచుకొనుట. ఎదుటివారు దానిని నేల తాకకముందు పట్టుకొన్నచో కొట్టినవాడు ఔట్. ఈ నియమమును విన్న అమెరికా దేశస్థుడు ఇది మా బేస్‌బాల్‌కు దూరపు చుట్టము అనుకొనును. ఇంగ్లీషువాడు మా క్రికెట్టుకు మేనమామ అనుకొనును. మన పిల్లవానికి ఆ రెండు చుట్టరికముల ఊసు లేదు. కొడవలితో చెక్కిన చిర్ర, కట్టెలమోపునుండి తీసిన గోనె, పంట కోసిన చేను ఉన్నచో చాలును. నేడు సైబరాబాదు అనబడు మాదాపురము, కొండాపురము, రాయదుర్గము, నానక్‌రాంగూడ మొదలగు ఊళ్లు అర్ధశతాబ్ది క్రిందట రాతిగుట్టల నడుమ చెరువులను, చేలను నమ్ముకొన్న పల్లెలు. 1974లో గచ్చిబౌలి కడ కేంద్రీయ విశ్వవిద్యాలయము స్థాపింపబడినపుడుకూడ ఆ పరిసరములు బండలు, ముళ్లపొదలే. 1998 నవంబరు 22న ప్రధానమంత్రి వాజపేయి సైబర్ టవర్స్ భవనమును ప్రారంభించిన పిమ్మటనే ఆ బండలకు విలువ వచ్చెను.

అమెరికా పేరు వచ్చినది గనుక ఆ దేశపు సంగతియు కొంత తెలిసికొనదగును. అచ్చటి చిన్నపట్టణములలో బేస్‌బాల్ జట్టు లేని ఊరు ఊరు కాదను కాలము ఒకటి ఉండెను. రైతులు, పచారీ దుకాణదారులు, పాఠశాల ఉపాధ్యాయులు, మిల్లు కార్మికులు ఆదివారము మధ్యాహ్నము పొరుగూరితో ఆడుచుండిరి. ఉత్తరదిశనున్న మిన్నెసోటా రాష్ట్రములో 1924నుండి ఊరిజట్లకు రాష్ట్రస్థాయి పోటీ నడచుచున్నది. 1950 నాటికి ఆ ఒక్క రాష్ట్రములో దాదాపు 800 జట్లు ఉండెను. తరువాతి పదియేండ్లలో అవి చాలవరకు చెదరిపోయెను. మోటారుకారు వచ్చి ఆదివారమును ఊరిబయటకు తీసికొనిపోయెను. టెలివిజన్ వచ్చి పెద్దనగరముల వృత్తిక్రీడాకారులను నట్టింటికి తెచ్చెను. గొప్పవాని ఆట నట్టింట కనిపించుచుండగా పక్కింటివాని ఆట చూచుటకు ఎండలోనికి పోవువారెవరు? అయినను ఆ రాష్ట్రములో నేటికిని వందలకొలది ఊరిజట్లు మిగిలియున్నవి. ఊరి మైదానమును ఊరివారే కాపాడుకొనుటయే అందుకు ముఖ్యకారణము. జట్టు చెదరినను స్థలము చెదరలేదు. స్థలమున్నచో కొంతకాలమునకు మరల ఆటగాండ్రు వత్తురు.

మనకు రెండును చెదరిపోయినవి. క్రమము మాత్రము వేరు. 1983లో క్రికెట్టు ప్రపంచకప్పు గెలిచిన పిమ్మట టెలివిజన్ వ్యాపించిన ప్రతి ఊరిలోను పిల్లల చేతికి క్రికెట్టు బ్యాటు వచ్చెను. దానిని తప్పుపట్టుటకు లేదు; గోడమీద మూడు గీతలు బొగ్గుతో గీసి వికెట్లనుకొన్న పిల్లలు ఆటకు కొత్తరూపమునే కల్పించిరి. ఉన్నిబంతికి అంతర్జాతీయ పోటీలు లేకపోవుట రెండవ కారణము. ఒలింపిక్సులో లేని ఆటకు, ఆసియా క్రీడలలో లేని ఆటకు, పత్రికలలో చోటు ఏల వచ్చును? బిడ్డ ప్రతిభావంతుడని కనిపెట్టిన డ్రిల్లు మాస్టరే వానిని షటిల్ వైపు పొమ్మని చెప్పవలసిన స్థితి వచ్చెను. మూడవ కారణము అన్నింటికన్న బలమైనది, అన్నింటికన్న తక్కువగా చెప్పుకొనునది: సాయంకాలము అయిదు గంటలు. ఆ గంట విద్యార్థి చేతినుండి జారిపోయెను. ప్రవేశపరీక్షలు, స్టడీ అవర్లు, ట్యూషన్లు ఆ గంటను పంచుకొనెను. మైదానము లేని పాఠశాలకు అనుమతి వచ్చుట కష్టము కాలేదు. ఆట లేని పాఠశాలను తల్లిదండ్రులు తప్పుపట్టుటయు జరుగలేదు. ఉపాధ్యాయులు మాత్రము ఈ విషయమున పూర్తిగా నిర్దోషులా అన్నది వారే ఆలోచింపవలసినది. డ్రిల్లు పీరియడును గణితమునకు అప్పు తీసికొనని పాఠశాల అరుదు. ఆ అప్పు తీర్చిన పాఠశాల అంతకన్న అరుదు.

ఉపాధ్యాయుడు తలచుకొన్నచో ఆట ఎంతదూరము పోవునో ఈ నగరమునకే బాగుగా తెలియును. సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదు పాఠశాలలలో ఉపాధ్యాయుడు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాదు సిటీ పోలీసు ఫుట్‌బాలు జట్టు 1950నుండి 1954వరకు వరుసగా అయిదేండ్లు బొంబాయిలో రోవర్స్ కప్పును గెలుచుకొనెను. ఆయన శిక్షణలో భారతజట్టు 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఆసియా క్రీడల స్వర్ణపతకమును గెలిచెను. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్సులో నాల్గవస్థానము పొందెను. కుర్రవాండ్లకు ఆయన పెట్టిన పోటీలలో బలహీనమైన కాలితోనే బంతిని తన్నవలెనని నియమము విధించుచుండెనట. బడిపంతులుకు తప్ప మరియొకనికి తోచు ఉపాయము కాదది. వచ్చినదానిని మాని రానిదానిని అభ్యసింపజేయుటయే గదా బోధన. 1963లో ఆయన మరణించెను. ఆ పిమ్మట భారతజట్టు ఆసియా క్రీడలలో ఫుట్‌బాలు స్వర్ణమును మరల గెలువలేదు.

బాల్ బాడ్మింటన్‌లో తెలుగువారి కీర్తిని నిలిపిన పేరు జమ్మలమడక పిచ్చయ్య. 1918లో జన్మించి, తెలుగుజట్టుకు ఆడి, వరంగల్లులో స్థిరపడినవాడు. కేంద్రప్రభుత్వము 1961లో అర్జున పురస్కారమును నెలకొల్పగా, 1970లో ఈ ఆటకు మొదటిసారి ఆ పురస్కారము లభించినది ఈయనకే. క్రికెట్టులో నాటి వీరుల పేర్లు నేటి పిల్లలు గడగడ వల్లింతురు. పిచ్చయ్య పేరు తెలిసిన తరగతి రాష్ట్రములో ఎన్ని యున్నవో తెలుగు ఉపాధ్యాయులు ఒకమారు అడిగి చూడవచ్చును. ఆయన నూరేండ్లు దాటి జీవించెను. 2021 డిసెంబరులో వరంగల్లులో కన్నుమూసెను. పరుగెత్తుటకన్న నిలిచి ఆడుట ముఖ్యమైన ఆట ఆయుర్దాయమును పెంచునని అనుకొన్నచో శాస్త్రజ్ఞులు ఒప్పుకొనకపోవచ్చును. ఆటగాండ్రు తప్పక ఒప్పుకొందురు.

ఆరుబయటి ఆటలకును గచ్చిబౌలి శాలలకును బొత్తిగా సంబంధము లేదనుకొనరాదు. సింధు తండ్రి పి.వి. రమణ వాలీబాలు క్రీడాకారుడు. 1986లో సియోలు ఆసియా క్రీడలలో కంచుపతకము పొందిన భారతజట్టులో ఆడినవాడు, 2000లో అర్జున పురస్కారము అందుకొన్నవాడు. తల్లి విజయయు వాలీబాలు క్రీడాకారిణియే. వాలీబాలు ఉన్నిబంతి ఆటకు ఇరుగిల్లు; హైస్కూలు మైదానములో ఒక వల ప్రక్కన మరియొక వల. మట్టిమీద ఎగిరిన తరము కొయ్యనేలమీద ఎగురు తరమును కన్నది. మట్టినేల కరవైన పిమ్మట వచ్చు తరము సంగతి ఏమి?

నేల సంగతి లెక్కవేసి చూచుట మంచిది. బాల్ బాడ్మింటన్ కోర్టు వైశాల్యము 288 చదరపు మీటర్లు, అనగా సుమారు 344 చదరపు గజములు. చిన్నపట్టణములో అది ఒక మధ్యతరగతి ఇంటిస్థలము. ఎకరమునకు 4,840 చదరపు గజములు గనుక ఒక ఎకరములో నాలుగుమూలల దారి విడువకుండ అయినచో పదునాలుగు కోర్టులు పట్టును. 2023 ఆగస్టులో హైదరాబాదు మహానగర అభివృద్ధి సంస్థ గచ్చిబౌలికి చేరువనున్న కోకాపేటలో భూములు వేలము వేయగా ఒక ఎకరము 100 కోట్ల రూపాయలకు పైగా పలికెను. ఆ ధరకు గజము రెండు లక్షల రూపాయలు దాటును. ఆ లెక్కన పదిమంది నిలిచి ఉన్నిబంతి ఆడుకొను చోటు విలువ ఏడుకోట్ల రూపాయల పైచిలుకు. పిల్లవాడు బంతి గీత బయట కొట్టినచో అది ఎవరి కోట్లమీద పడునో చెప్పలేము. గణితోపాధ్యాయులు ఎనిమిదవ తరగతి వారికి ఈ లెక్క ఇచ్చి చూడవచ్చును.

ఆడవలెనను కోరిక మాత్రము ఆ ప్రాంతమున చావలేదు. శనివారము రాత్రి మాదాపురము, గచ్చిబౌలి, కొండాపురము పరిసరములలో తిరిగినచో వలలు కప్పిన పచ్చని కృత్రిమ మైదానములు దీపకాంతిలో కనిపించును. గంటకు ఇంత అని అద్దె. కంప్యూటరు సంస్థల ఉద్యోగులు అచ్చట బాక్సు క్రికెట్టు ఆడుచున్నారు. సంస్థకు సంస్థకు మధ్య పోటీలు పెట్టుకొనుచున్నారు. వీరికిని ఆటవలన కాసు రాదు, పైపెచ్చు చెల్లింపవలెను. ఆ మేరకు వీరు తాలూకా కచేరి గుమాస్తాకు వారసులే. భేదము ఒకటి కలదు. ఊరి కోర్టులో జట్టు ఊరిది. ఓడినచో ఊరు ఓడినది. ఇచ్చట జట్టు సంస్థది. ఉద్యోగము మారినచో జట్టును మారును. గంట ముగియగానే తరువాతి పదిమంది తలుపు వద్ద సిద్ధముగా ఉందురు. గీత వెలుపల నిలిచి బంతి ఏరు పిల్లవానికి అచ్చట స్థలము లేదు. అతడు రోడ్డు అవతలనుండి దీపములు మాత్రము చూచును. అయిదవవాడు రాని నాడు పిలుచుటకు అతడు కేకవేటు దూరములో లేడు.

ఉన్నిబంతి మాత్రము పూర్తిగా ఆరిపోలేదు. జాతీయస్థాయి పోటీలు నేటికిని జరుగుచున్నవి. పాఠశాల, విశ్వవిద్యాలయ పోటీలలోను దీనికి చోటు కలదు. వంగిపోవు కొయ్యచట్రము పోయి తేలికయైన లోహపు చట్రము వచ్చినది, నరములతో అల్లిన వల పోయి నైలాను వచ్చినది. అన్నింటికన్న పెద్ద మార్పు, పూర్వము గోడమీదుగా చూచుచుండిన ఆడపిల్లలు నేడు కోర్టులో అయిదుగురుగా నిలిచియున్నారు. మైదానము గల ప్రభుత్వ ఉన్నతపాఠశాలలు, గురుకులములు ఇంకను ఎన్నో కలవు. వానిలో ఒక మూల రెండు గుంజలు పాతి, 24 మీటర్లు పొడవునకు, 12 మీటర్లు అడ్డమునకు తాడుపట్టి కొలిచి, సున్నము చల్లుటకు ఒక డ్రిల్లు పీరియడు సరిపోవును. వలకు ఆరడుగులు. రాకెట్టులు పది. బంతులు ఆరు కొన్నచో ఒక నెల వచ్చును. మంచు పడు దినములలో వానిని ఎండలో ఆరబెట్టుకొనవలెను.